సైకిలు మీద వచ్చిన సహోదరి

అంత పెద్ద సముద్రాన్ని అంత మెత్తని ఇసుకతో ఆపి ఉంచిన దేవునికి స్తోత్రం. మాదాపూర్ బండరాళ్ళ మధ్య సన్నని బాట ఒకటి నాకోసం ఉంచినవాడికి స్తోత్రం. ముందు ఆయనకు చెల్లించాల్సింది చెల్లించి, ఆ తర్వాతే మన సంగతి చెప్పుకోవాలని అమ్మ నేర్పింది. స్త్రీల కూడికలో సాక్ష్యం చెప్పడానికి లేచినప్పుడల్లా నేను అలాగే మొదలుపెట్టేదాన్ని. ఈ ఒక్క సాక్ష్యాన్ని మాత్రం అక్కడ చెప్పనివ్వలేదు. అందుకే రాస్తున్నాను.

అప్పుడు మేం చందానగర్‌లో ఉండేవాళ్ళం, అమ్మా నేనూ. నాన్న నా చిన్నప్పుడే పోయారు. అమ్మ గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చిన ప్రభుత్వ నర్సు. మాది తెల్లచీరల సంఘం. రక్షణ పొందిన స్త్రీలు తెల్లచీర కడతారు, నగలు పెట్టుకోరు, ఆరాధనలో తలమీద ముసుగు వేసుకుంటారు. పాటలు పాడతారు గాని ఆరాధన జరుగుతుండగా నోరు తెరిచి మాట్లాడరు. ఇవన్నీ నేను ఇష్టంగానే పాటించాను. ఎవరూ నా మెడలు వంచి చేయించలేదు. ఆ మాట ముందే చెప్పడం ఎందుకంటే, తర్వాత జరిగింది విని కొందరు నన్ను ఎదురుతిరిగిన మనిషిగా లెక్కేశారు. నేను ఎదురుతిరిగింది దేవునికి కాదు.

ప్రతి ఆదివారం మేం రొట్టె విరుస్తాం. ఒకే రొట్టె పళ్ళెంలో పెట్టి చేతి నుంచి చేతికి అందిస్తారు, ఒక్కొక్కరు ఒక ముక్క తుంచుకుంటారు. దాన్నే బల్ల అంటాం. తప్పు చేసినవాళ్ళను పెద్దలు బల్లకు దూరం పెడతారు. వాళ్ళు వెనక వరసలో కూర్చోవాలి, పళ్ళెం వాళ్ళ ముందు నుంచి దాటిపోతుంది. చిన్నప్పుడు ఒకాయనను అలా చూశాను. పళ్ళెం దాటిపోయాక ఆయన తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. ఆ చేతులు నాకు చాలా ఏళ్ళు గుర్తున్నాయి.

హైటెక్ సిటీలో గుండ్రటి భవనం కొత్తగా లేచిన రోజులవి. దాని చుట్టూ ఇంకా బండలూ, సీతాఫలం పొదలే. దానికి కాస్త ఇవతల ఒక మేడ మీద నాకు ఉద్యోగం. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఎక్కడో ఉన్న డాక్టర్లు రోగుల గురించి చెప్పిన మాటలు విని టైపు చేయాలి. చందానగర్ నుంచి అక్కడికి నేరుగా బస్సు ఉండేది కాదు. కొత్తగూడ దాకా ఆటోలో ఇరుక్కుని వచ్చి, అక్కడి నుంచి ఎండలో నడక.

నా పక్క సీటులో పనిచేసే అమ్మాయిది నార్సింగి. నాకంటే నాలుగేళ్ళు చిన్నది. వాళ్ళకు బర్రెలుండేవి. వాళ్ళ నాన్న పాలు పోసే పాత సైకిలు మీద, అదీ మగవాళ్ళ సైకిలు మీద, ఆ అమ్మాయి రోజూ ఆఫీసుకు వచ్చేది. ఒకరోజు నేను చెమటలు కక్కుతూ వచ్చి కూర్చుంటే నన్ను పైనుంచి కిందికి చూసింది.

"అక్కా, గిట్ల నడుసుకుంట వస్తే ఆఫీసొచ్చేసరికి పెన్షనొస్తది నీకు. సైకిల్ నేర్సుకోరాదు?"

"చీరతోనా?"

"చీర సైకిల్ తొక్కదు గద, నువ్వు తొక్కుతవు."

మధ్యాహ్నం అన్నం తిన్నాక, మేడ వెనక ఖాళీ జాగాలో నేర్పింది. నేర్పడానికి ముందే ఒక షరతు పెట్టింది. తను పుట్టి ఇరవై రెండేళ్ళయినా సముద్రం చూడలేదు. "మీది సముద్రం దిక్కు గద. నాకు సూపియ్యాలె. బస్సుల కాదు, సైకిల్ మీదనే పోవాలె." నాకసలు సైకిలు వస్తుందన్న నమ్మకం లేదు కనుక నవ్వుతూ సరే అన్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు. "మాటిచ్చినట్లేనా?" అంది. ఇచ్చానన్నాను.

మూడు వారాల్లో సైకిలు వచ్చేసింది. చందానగర్ మార్కెట్లో ఒక పాత లేడీస్ సైకిలు కొన్నాను. చీర వెనక చక్రంలో పడకుండా దానికి దారపు వల ఒకటి ఉండేది. మొదటిసారి హఫీజ్‌పేట దాటి ఒక్కదాన్నే కొండాపూర్ ఎత్తు ఎక్కిన ఉదయం నేను ఆపకుండా స్తోత్రం చేస్తూనే ఉన్నాను. మోకాళ్ళ మీద ఎన్నో ప్రార్థనలు చేశాను గాని, పెడల్ మీద చేసిన ఆ ప్రార్థనకు వాటిలో ఏదీ సాటి రాదు.

ఒక ఆదివారం నా చీర అంచు మీద మరక ఉంది. నేను చూసుకోలేదు, సంఘ పెద్ద గారి భార్య చూశారు. ఆరాధన అయ్యాక పెద్ద గారు నన్నూ అమ్మనూ ఆగమన్నారు. ఆయన చెడ్డవారు కాదు. నాకు ఐదేళ్ళప్పుడు వాక్యాలు కంఠస్థం చేయించింది ఆయనే. మాలాగే కోస్తా నుంచి ఉద్యోగం మీద వచ్చినవారు.

"సిస్టర్, ఆ మరక ఏంటండీ?"

"చైను నూనె, బ్రదర్ గారు. సైకిలు చైను."

"పాలు పోసేవాళ్ళలాగా రోడ్డు మీద సైకిలా?" అన్నారు ఆయన భార్య.

"పాలు పోసేవాళ్ళే నేర్పారండి" అన్నాను. అది తలపొగరు మాటే, ఒప్పుకుంటాను.

పెద్ద గారు నెమ్మదిగా చెప్పారు. తెల్లచీర కట్టిన సహోదరి నలుగురి ముందూ సైకిలు తొక్కితే సంఘం సాక్ష్యం, దాని మంచిపేరు చెడుతుందని, ఇంతటితో మానేయమని. అప్పుడే చెప్పేయడం మంచిదనుకుని నేను, వచ్చే శనివారం బాపట్ల వైపు సముద్రం ఒడ్డున సైకిలు మీద వెళ్తున్నామని కూడా చెప్పాను. నా స్నేహితురాలికి పెళ్ళి కుదిరింది. ఆ నెల దాటితే ఆమెను ఇంట్లోంచి కదలనివ్వరు. ఇచ్చిన మాట ఉందని, మాట ఇచ్చినవాడు నష్టపోయినా తప్పకూడదని చిన్నప్పుడు నాకు నేర్పింది మీరేనని అన్నాను.

ఆయన చేతిలోని గ్రంథం మూశారు. "వెళ్తే, వచ్చాక ఆరు నెలలు బల్లకు దూరంగా ఉండాల్సి వస్తుంది సిస్టర్. సంఘం ముందు చెప్పాల్సి వస్తుంది. ప్రార్థన చేసుకుని నిర్ణయించుకోండి."

ప్రార్థన చేసుకున్నాను. నిజంగానే చేసుకున్నాను, మూడు రాత్రులు. వద్దన్న మాట నాకు వినపడలేదు. ఆ పళ్ళెం నా ముందు నుంచి దాటిపోవడం మాత్రం కళ్ళకు కనపడింది. గురువారం సాయంత్రం అమ్మ బట్టలు మడతపెడుతూ అడిగింది.

"నువ్వు తప్పు చేస్తున్నావనిపిస్తోందా?"

"లేదమ్మా."

"అయితే కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకో. నూనె పడితే ఉతికేది నేను."

శుక్రవారం రైలెక్కాం. సైకిళ్ళను లగేజీ పెట్టెలో వేశారు. తెల్లారి బాపట్లలో దింపుకునేసరికి ఆ అమ్మాయి సైకిలు హ్యాండిల్ ఒక పక్కకు తిరిగిపోయి ఉంది. ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య పట్టుకుని ఒక్క గుంజు గుంజింది, సరైపోయింది. సూర్యలంక దారి పట్టాం. ఎదురుగాలి. గాలిలో ఎండుచేపల వాసన. సరుగుడు తోటలు దాటాక ఉన్నట్టుండి నేల అయిపోయింది.

ఆ అమ్మాయి సైకిలు దిగింది. స్టాండ్ వేయడం మరిచిపోయి వదిలేస్తే సైకిలు ఇసుకలో పడిపోయింది.

"గింతున్నదా" అంది చివరికి. "నేను మా గండిపేట చెరువే పెద్దదనుకున్న."

కాళ్ళు తడిపింది, నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మింది, నన్ను తిట్టింది. "ఉప్పుంటదని ఎరికనే గని ఇంత ఉప్పా. ఎవలు తాగుతరే దీన్ని?" నేను నవ్వలేకపోయాను. ఈ సంబరానికి వెల ఆరు నెలల రొట్టె అని లోపల లెక్క నడుస్తూనే ఉంది. ఇచ్చేద్దాం అనుకున్నాను.

అక్కడి నుంచి ఒడ్డు పట్టుకుని, తోటల మధ్య బాటలో దక్షిణంగా బయల్దేరాం. ఇసుకలో చక్రాలు దిగబడేవి. తొక్కింది సగం, తోసింది సగం. ఒకచోట నా సైకిలు వల తెగి, చీర చక్రంలో పడి, నేను బోర్లా పడ్డాను. చీర జానెడు చిరిగింది. ఇంకో రెండు మైళ్ళు వెళ్ళాక మైకు వినపడింది.

అది బెస్తవారి ఊరు. ఆ ఊరికి అంతవరకు ఇసుక బాటే. కొత్తగా తారు రోడ్డు పడింది. ఆ సంతోషానికి పందేలు పెట్టుకున్నారు. రోడ్డు మీద ముగ్గుపిండితో గీతలు గీశారు. ఊరంతా రెండు పక్కలా నిలబడి ఉంది. మేమూ సైకిళ్ళు ఆపి నిలబడ్డాం.

"తొందరున్నవాళ్ళు ఇంటికెళ్ళి అన్నం వండుకోండమ్మా" అంటున్నాడు మైకులో ఒకతను. "ఇక్కడ ఆఖర్న వచ్చినోళ్ళకే స్టీలు బిందె. కాలు కింద పెట్టారా, పక్కకి రావాల్సిందే."

నిదానపు సైకిలు పందెం. అందరికంటే వెనక చేరినవాళ్ళే గెలుస్తారు. మగవాళ్ళది అయిపోయింది. ఇప్పుడు ఆడవాళ్ళది. ఎనిమిది మంది గీత దగ్గర నిలబడ్డారు. రోడ్డు పడ్డాక బాపట్ల సంతకు చేపలు తీసుకెళ్ళడానికి నేర్చుకున్నారట. ఆ ఎనిమిది మందిలో ముగ్గురు తెల్లచీరల్లో ఉన్నారు. చెవులకు కమ్మలు లేవు, చేతులకు గాజులు లేవు.

స్నేహితురాలు నా మోచేతిని పొడిచింది. "అక్కా, మీ యూనిఫారమోళ్ళు."

ఈల వేశారు. అంత నిదానంగా సైకిళ్ళు కదలడం నేనెప్పుడూ చూడలేదు. హ్యాండిళ్ళు వణుకుతున్నాయి, చక్రాలు పాముల్లా అటూ ఇటూ తిరుగుతున్నాయి, ఎవరూ ఊపిరి తీయడం లేదు. ఒకావిడ నవ్వు ఆపుకోలేక కాలు పెట్టేసింది. ఇద్దరు ఒకరి మీద ఒకరు పడ్డారు. చివరికి ఇద్దరే మిగిలారు. ఒకమ్మాయి, యాభై దాటిన ఒక తెల్లచీర ఆవిడ. ఆవిడ కళ్ళు గీత మీద లేవు, ముందు చక్రం మీద ఉన్నాయి, పెదాలు కదులుతున్నాయి. ప్రార్థిస్తోందని నాకు తెలిసిపోయింది. ఆ పెదాల కదలికను నేను పోల్చుకోగలను.

ఈలోగా ఎవరో నా చేతిలోంచి సైకిలు తీసుకున్నారు. తెల్లటి గడ్డం ఉన్న ముసలాయన. అడగకుండానే సైకిలును పక్కకు వాల్చి, తెగిన వలను చూసి, మొలలోంచి వలలు అల్లే సూది తీశాడు. దానికి నీలం నైలాన్ దారం చుట్టి ఉంది. చూపు పందెం మీదే ఉంచి చేతులతో అల్లుతున్నాడు.

"ఏ సంఘమమ్మా?"

"చందానగర్ అండి. హైదరాబాదు."

"అక్కణ్ణించి సైకిలు మీదే?"

"బాపట్ల దాంక రైలు, పెద్దాయ్నా" అంది నా స్నేహితురాలు. "ఆడికెల్లి తొక్కుకుంట, పడుకుంట వచ్చినం."

ఆయన ఆ ఊరి సంఘ పెద్ద. "రేపు ఆరాధనకుంటారుగా? పరిచయ ఉత్తరం తెచ్చుకున్నావా?" అని అడిగాడు.

మాలో విశ్వాసి పరాయి ఊరు వెళ్తే, తన సంఘ పెద్దల నుంచి ఒక ఉత్తరం తీసుకెళ్ళాలి. 'ఈమె మా మధ్య నమ్మకంగా ఉన్నది, మీ బల్లలో చేర్చుకోండి' అని అందులో ఉంటుంది. అది లేకపోతే పక్కన కూర్చోవడమే. మరిచిపోయానని అనొచ్చు. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది కూడా.

"లేదండి. ఇవ్వరు. సైకిలు మీద వస్తే బల్లకు దూరమన్నారు. అయినా వచ్చాను."

సూది ఆగింది. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద గోల. యాభై దాటిన ఆవిడ గీతకు రెండు గజాల దూరంలో కాలు కింద పెట్టేసింది. బిందె అమ్మాయికి పోయింది. ఆవిడ సైకిలు తోసుకుంటూ నవ్వుతూ మా వైపే వచ్చింది.

"మా ఇంటిది" అన్నాడు ముసలాయన. "మరి దీన్నేం చేయమంటావు?"

ఆ సాయంత్రం వాళ్ళింట్లోనే ఉన్నాం. పెద్దలు మరో ఇద్దరు వచ్చి నన్ను అడగాల్సినవి అడిగారు. ఎవరితోనైనా పగ ఉందా, అబద్ధమాడానా, ఎవరి సొమ్మైనా ఉంచుకున్నానా. సైకిలు గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. ఆదివారం ఉదయం తాటాకు పందిరి కింద పళ్ళెం నా చేతికి వచ్చింది. నేను ఏడ్చాను, దాచను. నా స్నేహితురాలు బయట సైకిళ్ళ దగ్గర కూర్చుని అంతా చూసింది. తర్వాత నన్నడిగింది, "గంత చిన్న ముక్క కోసమా, గింత పరేషాన్ అయినవ్?" "అవును, అంత చిన్న ముక్క కోసమే" అన్నాను. "అయితే అది పెద్దదే అయ్యుంటది" అంది.

బయల్దేరేటప్పుడు ముసలాయన భార్య ఒక కవరు ఇచ్చింది. ఆయనకు రాయడం రాదు, ఆవిడే రాసింది. "రావాల్సిన ఉత్తరం రాలేదు. పోవాల్సిందైనా పోనీ" అంది. పైన 'చందానగర్ సంఘానికి' అని ఉంది.

తర్వాతి ఆదివారం సైకిలు మీదే ఆరాధనకు వెళ్ళాను. వల కొత్తది, నీలం రంగుది, దూరం నుంచే కనపడుతుంది. పెద్ద గారి భార్య నాకు కళ్ళతో వెనక వరస చూపించారు. నేను ఎప్పుడూ కూర్చునే రెండో వరసలో, అమ్మ పక్కన కూర్చున్నాను. ఆ రోజు నా పేరు సంఘం ముందు చెప్పబోతున్నారని అందరికీ తెలుసు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. వేరే సంఘం నుంచి వచ్చిన ఉత్తరాన్ని ఎవరూ ముందుగా విప్పకూడదు. అది సంఘానికి వచ్చింది, మనిషికి కాదు. బల్ల మీద పెట్టాలి. ఆరాధన మొదట్లో పెద్ద లేచి, అందరి ముందూ విప్పి, చివరి అక్షరం దాకా పైకి చదవాలి. ఈ పద్ధతి మాకు నేర్పింది కూడా పెద్ద గారే. నేను కవరు బల్ల మీద పెట్టాను. ఎవరో వందనాలు పంపారనుకుని ఆయన లేచారు, కళ్ళజోడు సర్దుకున్నారు, విప్పారు.

"ప్రభువునందు ప్రియమైన చందానగర్ సంఘానికి, సముద్రం ఒడ్డున ఉన్న చిన్న సంఘం వందనాలు" అని గొంతెత్తి చదివారు. అందరూ "వందనాలు" అన్నారు. "మీ సహోదరి ఒకామె మా మధ్యకు వచ్చింది. పరిచయ ఉత్తరం లేదని తనే చెప్పింది, దాచలేదు. మేము అడగవలసినవి అడిగి, ఆమెతో కలిసి రొట్టె విరిచాము. ఆమె సైకిలు..."

అక్కడ ఆగిపోయారు. ఆయన కాగితం మడవబోయారు.

"తర్వాత ఏముంది బ్రదర్ గారు?"

అది మా అమ్మ గొంతు. ముప్పై ఏళ్ళలో ఒక్క ఆరాధనలోనూ పాటకు తప్ప పైకి లేవని గొంతు. లేచి నిలబడలేదు, ముసుగు తీయలేదు. కూర్చున్నచోటి నుంచే అడిగింది. "సంఘానికి వచ్చిన ఉత్తరమండి. చివరి దాకా చదవాలి కదా."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కాగితాన్ని మళ్ళీ తెరిచారు.

"ఆమె సైకిలు మీద వచ్చింది. వేగంగా బాగానే తొక్కుతుంది. నిదానంగా తొక్కడం ఇంకా రాదు, అది నేర్పడానికి మళ్ళీ పంపండి. మాతో ఉన్నంతసేపూ నమ్మకంగా ఉన్నది. మీరు కూడా ఆమెను చేర్చుకోండి."

మగవాళ్ళ వైపు ఎవరో నవ్వబోయి దగ్గారు. పెద్ద గారు ఉత్తరాన్ని కవరులో పెట్టి, కవరును గ్రంథంలో పెట్టారు. నా పేరు చెబుతారని అనుకున్నాను. ఆయన పాట నంబరు చెప్పారు.

పళ్ళెం మా వరసకు వచ్చింది. అమ్మ తుంచుకుని నాకు అందించింది. నేను తలెత్తి పెద్ద గారిని చూశాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. నిజంగా ప్రార్థనో, చూడకూడదనో నాకు తెలియదు. తీసుకున్నాను.

ఆరాధన అయ్యాక గేటు దగ్గర నా సైకిలు పక్కన నిలబడి ఉన్నారాయన. నీలం వలను వేలితో లాగి చూశారు.

"ఇది ఎవరు అల్లారండీ?"

"ఉత్తరం పంపిన సంఘ పెద్ద గారు."

ఆయన తల ఊపారు. "వచ్చే వారం లోపల నీడలో పెట్టుకోండి సిస్టర్. ఎండకు టైర్లు పాడవుతాయి."

అంతకుమించి ఆయన ఎప్పుడూ ఏమీ అనలేదు. నాది తప్పు కాదని చెప్పలేదు. నా సండేస్కూలు క్లాసును ఏడాదిపాటు వేరేవారికిచ్చారు. స్త్రీల కూడికలో ఈ సాక్ష్యం చెబుతానంటే 'ఇంకోటి చెప్పండి' అన్నారు. నేను ఇంకోటి చెప్పలేదు, కూర్చుండిపోయాను. సైకిలు మాత్రం ఒక్క రోజూ మానలేదు. నార్సింగి అమ్మాయి పెళ్ళికి తెల్లచీరలో, ఆ సైకిలు మీదే వెళ్ళాను. "మా అక్కొచ్చింది, సముద్రం అక్క" అని పెళ్ళిపీటల మీది నుంచే చేయి ఊపింది.

చదివినవారు ఇక్కడ కాసేపు ఆగి నాతో కలిసి ప్రార్థించండి. ఆ ఒడ్డున వలలు అల్లే చేతుల కోసం, తుఫాను రోజుల్లో ఆ పందిరి నిలబడాలని. మా పెద్ద గారి కోసం కూడా. ఆయన ఆ ఉత్తరాన్ని చించేయగలిగి కూడా చించలేదు, అది నేను మరవను. ఇంకా ఎక్కడో వెనక వరసలో ఖాళీ అరచేతులు చూసుకుంటున్న సహోదరి ఎవరైనా ఉంటే, ఆమె కోసం. తండ్రీ, నీవు మూయని తలుపును మేము మూయకుండా మా చేతులు పట్టుకో. నీవు మోయమనని బరువును మేము ఎవరి మెడకూ కట్టకుండా చూడు. ఆమె తన వరసలోనే కూర్చునే ధైర్యమివ్వు. ఆమేన్ అనండి.